పట్టాలేని వారి నష్టము

డోర్నకల్లు నుండి వచ్చు రైలుదారి కారేపల్లి స్టేషనునొద్ద రెండుగా చీలును. ఒక పాయ ఇల్లందునకును, రెండవ పాయ కొత్తగూడెమునకును పోవును. రెండును బొగ్గు మోయు దారులే. ఇల్లందునొద్ద స్టేషనుకు సింగరేణి కాలరీసు అని పేరు. సింగరేణి యనగా నొక కంపెనీ పేరని పట్టణములయందలి చదువరు లందఱు నెఱుగుదురు. అది మొదట నొక యూరి పేరనియు, ఆ యూరు కారేపల్లి చెంతనే కలదనియు, కారేపల్లి కేంద్రముగా గల మండలమునకు సర్కారు కాగితములలో నేటికిని సింగరేణి మండల మనియే పేరనియు నెఱిగినవారు కొలదిమంది.

ఆ యూరు కంపెనీకి తన పేరు నిచ్చెను; చుట్టుపట్ల యూళ్లు తమ భూమి నిచ్చెను. పేరిచ్చినందున ఊరికి లోటు లేదు. భూమి యిచ్చిన పిమ్మట ఊరు ఊరుగా నిలుచునా యన్నదియే మా ప్రశ్న. ఇది బొగ్గుతోనే తీరునది కాదు. మణుగూరునొద్ద భద్రాద్రి విద్యుత్కేంద్రమునకు, 2016లో శంకుస్థాపన జరిగిన సీతారామ ఎత్తిపోతల పథకపు కాలువలకు, భద్రాచలం రోడ్డునుండి సత్తుపల్లికి వేసిన క్రొత్త బొగ్గు రైలుదారికి, ఖమ్మమునుండి దేవరపల్లికి పోవు రాజమార్గమునకు, ఇట్లు ఒకదాని వెంట నొకటిగా ఈ సీమలో వేల ఎకరములు రైతు చేతినుండి జాఱినవి. ప్రతి పర్యాయమును పట్టాదారుకెంత ముట్టినదన్న వాదము చెలరేగినది. పట్టా లేనివాని కేమైనదని యడిగినవారు అరుదు. ఆ ప్రశ్న నడుగుటకే మే మీ వ్యాసమును వ్రాయుచున్నాము.

ముందుగా పూర్వకథ కొంత చెప్పవలసియున్నది. 1871లో భూగర్భశాస్త్రజ్ఞుడగు డాక్టరు విలియం కింగు ఇల్లందు ప్రాంతమున బొగ్గు కనుగొనెను. 1886లో ఇంగ్లండున నేర్పడిన హైదరాబాదు (దక్కన్) కంపెనీ తవ్వకపు హక్కులను పొందెను. 1889లో ఇల్లందునొద్ద బొగ్గు తీయుట మొదలయ్యెను. 1920లో సింగరేణి కాలరీసు కంపెనీ యేర్పడెను. 1945లో నిజాము సర్కారు అందలి వాటాలలో నధికభాగమును కొనెను. నేడు నూటికి 51 వాటాలు తెలంగాణ రాష్ట్రమువి, 49 కేంద్రమువి. అనగా ఈ కంపెనీ మనదే. మన దగుటచేతనే దానిని నిలదీసి యడుగు హక్కును మనకు గలదు.

ఆ కాలమున బొగ్గు భూగర్భమునుండి వచ్చెడిది. పైన జొన్న పండెడిది, క్రింద బొగ్గు త్రవ్వెడివారు. కొంత చేను పోయినను, పోయిన చేనికి మాఱుగా గనిలో కూలి దొరికెడిది. బొగ్గుబావిలో దిగినవాడు ప్రాణమును పణముగా పెట్టెడివాడే గాని, వాని యింట పొయ్యి వెలిగెడిది. 1970ల దశకమునుండి ఓపెన్ కాస్టు పద్ధతి వచ్చినది. ఇందు భూమిని పైనుండియే తెఱచి, మట్టిని గుట్టలుగా పోసి, అడుగున నున్న బొగ్గును యంత్రములతో తోడుదురు. ఈ పద్ధతిలో బొగ్గు ఎక్కువ వచ్చును, కార్మికుల ప్రాణభయము తగ్గును, ఇది నిజము. కాని చేను మొత్తముగా పోవును, చెరువు పోవును, ఊరే పోవును. పోనియూళ్లకు పేలుళ్ల అదటు, దుమ్ము, అడుగంటిన బావులు మిగులును. మఱి కూలి? 1990–91 ప్రాంతమున కంపెనీలో పనిచేయువారు సుమారు 1,16,000 మంది. ఆ యేడు వచ్చిన బొగ్గు రెండు కోట్ల టన్నులకు లోపు. 2023–24లో బొగ్గు ఏడు కోట్ల టన్నులు. కంపెనీ స్వంత ఉద్యోగులు నలువది వేల ప్రాంతము. బొగ్గు మూడింతలు మించెను. ఉద్యోగము మూడవవంతునకు దిగెను. భూమి పోయినను బావిలో పని దొరకునన్న పాతమాట నేడు చెల్లదు. కాంట్రాక్టు కూలికి పోవువారి సంగతి వేఱు. వారికి నిలుకడ లేదు.

ఇక భూమి పోయినపుడు ఊరిలో జరుగున దేమి? పట్టణవాసులకు తెలియుటకై యొక చేనిని తలచుకొందము. కారేపల్లి సీమలో అయిదెకరముల రేగడిచేను. పట్టా యొకని పేర నున్నది. వాడు రెండెకరములు తానే సాగుచేసి, మూడెకరములు కౌలుకిచ్చెను. కౌలుదారు పత్తి వేయును, ఒక మూల మిరప పెట్టును. కలుపు తీయుటకు, పత్తి యేరుటకు, మిరపకాయ కోయుటకు మాలమాదిగపల్లెల నుండియు తండా నుండియు ఆడుకూలీలు వత్తురు. పంట తీసినపిదప గొల్లవాడు గొఱ్ఱెలమంద కట్టును; వానికి గింజలు ముట్టును, చేనికి ఎరువు ముట్టును. చొప్ప పొరుగువాని పశువుల కొట్టమునకు చేరును. ట్రాక్టరు నడుపువానికి, నాగలి కొఱ్ఱులు పదునుపెట్టు కమ్మరివానికి, సంతలో నువ్వులు పప్పులు అమ్ముకొను ముసలిదానికి ఆ చేనినుండియే బ్రదుకు. పట్టా యొక్కటి, దాని నీడన బ్రదుకు కుటుంబములు ఏడెనిమిది.

ఆ చేనిని సర్కారువారు సేకరింతురు. నోటీసు పట్టాదారు పేర వచ్చును. పరిహారము పట్టాదారు ఖాతాలో పడును. కౌలుదారు మాట కాగితములో లేదు. అతడు వేసిన పెట్టుబడి, దాని కొఱకు వడ్డీవ్యాపారియొద్ద చేసిన అప్పు, ఇవి యే లెక్కకును రావు. ఆడుకూలీలకు నోటీసే లేదు. వారి చేతికి సొంతముగా వచ్చు డబ్బు అదొక్కటియే. ఆ డబ్బుతోనే బిడ్డకు పలక, తమకు చీర, పండుగకు బెల్లము. అది ఆగినదినమునుండి ఆమె ప్రతి రూపాయికిని మగనియెదుట చేయి చాచవలెను. రెండేండ్లలో ఆ కూలీలు ఖమ్మమునకో హైదరాబాదునకో కట్టడపు పనులకు పోవుదురు. ముసలివారును పిల్లలును ఊర మిగులుదురు. బడిలో పిల్లలు తగ్గుదురు. తగ్గినందున బడి మూతపడును. ఇది యే ప్రకటనలోను కనబడని సేకరణ ఫలము.

పట్టాదారు మాత్రము సుఖపడునా? అదియు లేదు. సేకరణ వార్త పుట్టగనే చుట్టుపట్ల భూముల ధర రెట్టింపగును. అయిదెకరముల సొమ్ముతో రెండెకరములు కొన దొరకదు. సొమ్ము అన్నదమ్ముల నడుమ పంచుకొనబడును. కొంత బిడ్డ పెండ్లికి, కొంత మేడకు, కొంత మోటారు బండికి, కొంత చిట్టీలవానికి, కొంత కల్లుసారాయములకు పోవును. రైతు సోమరియని మేము చెప్పుట లేదు. ఏటేట పంటరూపమున రావలసిన ధనము ఒక్కనాడు నోట్లరూపమున వచ్చి ఒడిలో పడినపుడు దానిని కాపాడు విద్య మన పల్లెలలో నెవ్వరును నేర్పలేదు. చేను దొంగిలింపబడదు, అప్పుగా అడుగబడదు, ఒక్కరాత్రిలో ఖర్చు కాదు. అందుచేతనే మన పెద్దలు దానిని నమ్ముకొనిరి.

ఇది నేటి వింత కాదు. శ్రీశైలము జలాశయముక్రింద నూటికి పైగా గ్రామములు మునిగినవి. 1981లో జనులను బలవంతముగా వెడలగొట్టిన తీరు వారి పిల్లలు నేటికిని చెప్పుకొందురు. 1986లో ముంపు కుటుంబమున కొక ఉద్యోగ మిత్తుమని 98 నెంబరు ఉత్తర్వు వెలువడెను. ఆ ఉత్తర్వును చేతబట్టుకొని కర్నూలు, మహబూబునగరు జిల్లాల యువకులు దశాబ్దములు కచేరీలచుట్టు తిరిగిరి. తిరిగి తిరిగి పెక్కురకు ఉద్యోగపు వయసే దాటెను. ఆ కాలమున నమలులో నున్నది 1894 నాటి భూసేకరణ చట్టము. తెల్లదొరలు వ్రాసిన ఆ చట్టమునకు పట్టాదారు తప్ప మఱియెవ్వరును కనబడలేదు. స్వరాజ్యము వచ్చిన పిదప 66 ఏండ్లు మనమును ఆ కండ్లతోనే చూచితిమి.

2013లో పార్లమెంటు క్రొత్త చట్టము చేసినది. అది 2014 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. దీనిని మెచ్చుకొనక తప్పదు. ఇందు కౌలుదారు, పాలికాపు, కూలి, చేతివృత్తులవారు మూడేండ్లుగా ఆ భూమిపై బ్రదుకుచుండిన యెడల వారును బాధితకుటుంబములే. వితంతువు, భర్త విడిచిన స్త్రీ ప్రత్యేక కుటుంబముగా లెక్కింపబడవలెను. అడవిహక్కు పొందినవాడును భూయజమానియే. పరిహారముపై నూటికి నూఱు సాంత్వన సొమ్ము కలదు. అన్నిటికంటె ముఖ్యము, సేకరణకు ముందు సాంఘిక ప్రభావ పరిశీలన జరుగవలెను: ఎందఱు బ్రదుకు కోల్పోవుదురు, చెరువులు, పచ్చికబయళ్లు, దేవాలయములు ఏవి పోవును, ఇంత నష్టమునకు తగిన లోకోపకారము కలదా, తక్కువ భూమితో పని జరుగదా యని ఊరిలోనే విచారణ జరుగవలెను. పట్టాలేనివాని పేరు సర్కారు కాగితమున కెక్కు ద్వారమిది యొక్కటియే.

ఆ ద్వారమునే మన రాష్ట్రమున మూసిరి. 2015 జూలైలో 123 నెంబరు ఉత్తర్వుచే భూములను నేరుగా కొనుట మొదలుపెట్టిరి. పట్టాదారు సంతకము చాలును. కూలికి, కౌలుదారునకు చోటు లేదు. 2016 ఆగస్టులో ఉన్నతన్యాయస్థానమున ఏకన్యాయమూర్తి ఆ ఉత్తర్వును కొట్టివేసిరి. కొట్టివేయ నడిగినవారు వ్యవసాయకూలీలే యన్నది గమనింపదగినది. దానిపిమ్మట 2017లో శాసనసభ చట్టమునే సవరించి, నీటిపారుదల మొదలగు పెక్కు పథకములను సాంఘిక ప్రభావ పరిశీలననుండి మినహాయించు నధికారమును సర్కారునకిచ్చెను. పరిశీలన లేనిచో కౌలుదారుని, కూలిని లెక్కించు వారెవ్వరు? వారికి హక్కులు చట్టమున నున్నవి. ఆ హక్కుదారు లెవరో తెలిసికొను మార్గము మాత్రము లేకపోయెను. పైగా 2018లో రైతుబంధు సాయము పట్టాదారుకే యిచ్చిరి, కౌలుదారు కీయలేదు. 2011లో కౌలుదారులకు గుర్తింపుకార్డు లిచ్చుటకు చట్టము చేసినను, భూమి పోవుననెడి భయముచే యజమానులును, బద్ధకముచే కచేరీలును దానిని నీరుగార్చినవి. ఏ కాగితమునను లేనివానికి పరిహారపు కాగితమున మాత్ర మెట్లు చోటు దొరకును?

కారేపల్లి నుండి భద్రాచలమువైపు అడవిలోనికి పోవుకొలది ఈ కష్టము రెట్టింపగును. అచ్చట కోయగూడెములును, లంబాడీ తండాలును. షెడ్యూలు ప్రాంతములలో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోరాదని 1959 నాటి నిబంధనయు, దానిని బిగించిన 1970 నాటి సవరణయు చెప్పుచున్నవి. మంచి చట్టమే. కాని యిందొక చిక్కు కలదు. బయటివాడు కొనరాదు గావున అచ్చట రిజిస్టరైన అమ్మకములు అరుదు, ధరలు తక్కువ. పరిహారమును రిజిస్టరు ధరనుబట్టి కట్టినచో, గిరిజనుని కాపాడుటకు పుట్టిన చట్టమే వాని నేలవెలను తగ్గించును. 2013 చట్టము దీనిని ముందే గ్రహించినది: అమ్మకములకు నిషేధము గల ప్రాంతమున, ప్రక్కనున్న అట్టి భూముల ధరనుబట్టి రాష్ట్రసర్కారు కనీసపు వెలను నిర్ణయింపవలెనని అందు వ్రాయబడియున్నది. ఆ కనీసపు వెలను సేకరణకు ముందే గ్రామపంచాయతీ గోడపై వ్రాయింపుడని మేము కోరుచున్నాము.

పోడు భూముల సంగతియు అట్టిదే. 2006 నాటి అడవిహక్కుల చట్టముక్రింద 2023 జూన్ నెలాఖరున మొదలిడి సుమారు లక్షన్నర మందికి, నాలుగు లక్షల ఎకరములకు మించి హక్కుపత్రము లిచ్చిరి. సంతోషము. కాని పత్రము రానివారు, వచ్చియు సాగుచేయు భూమికంటె తక్కువకు వచ్చినవారు ఎందఱో కలరు. సేకరణ యధికారి యెదుట వీరు ఆక్రమణదారులు. తాత నరికిన పోడులో తండ్రి పండించి, తండ్రి పండించిన చేనిలో తాను పుట్టినవాడు ఆక్రమణదారుడా?

గోదావరి యావలికి చూడుడు. పోలవరము కొఱకు 2014లో ఖమ్మము జిల్లానుండి భద్రాచలము పట్టణమును మినహాయించి ఏడు మండలముల గ్రామములను ఆంధ్రప్రదేశమున చేర్చిరి. లక్షకు పైగా కుటుంబములు కదలవలసిన పథకమిది. అందు సగమునకు దగ్గఱగా గిరిజనులు. వీరిని లెక్కించుట నీటిమట్టమునుబట్టి జరిగెను: మొదట 41.15 మీటర్ల లోపువారు, పిమ్మట 45.72 మీటర్ల వారు. 2022 జూలైలో భద్రాచలమునొద్ద గోదావరి 71 అడుగులు దాటినపుడు మొదటి లెక్కలో లేని యూళ్లలోనికిని నీరు వచ్చెను. నదికి మన లెక్కలతో పని లేదు. లెక్కకు రానివారు అచ్చటను గుట్టలపై గుడారములు వేసికొనిరి.

మేము పరిశ్రమలకు విరోధులము కాము. బొగ్గు వలదనుట లేదు. రైతు బోరుమోటారు తిరుగుచున్నది ఆ విద్యుత్తుతోనే. కాలువ వలదనుట లేదు. ఎండిన మెట్టకు నీరు రావలె. కాని కాలువకు చేనిచ్చినవాని మిగిలిన తుండు కాలువకు ఎగువన పడి, వాని కన్నులయెదుటనే నీరు దిగువవాని చేనికి పోవుచున్నపుడు, ఆ నీటిలో వాని వంతేమని యడుగుట దేశద్రోహము కాదు. నలుగురి మేలుకొఱకు ఒకడు త్యాగము చేయవలె నందురు. త్యాగమనగా ఇష్టపడి యిచ్చునది. అడుగకుండ తీసికొన్నదానికి వేఱు పేరున్నది. మఱియు నలుగురి మేలుకొఱకు ఎల్లప్పుడును ఆ యొక్కడే, ఆ కోయవాడే, ఆ కూలియే, ఆ మెట్టరైతే ఏల ఈయవలె? హైదరాబాదునందలి తోటలనుండి ఎన్నడైన ఈ త్యాగము నడిగిరా?

మా కోరికలు కొత్తవి కావు. పెక్కులు చట్టమున నున్నవే. మొదటిది: 2017 సవరణచే నిచ్చిన మినహాయింపును రద్దుచేసి, ప్రతి పెద్ద సేకరణకును సాంఘిక ప్రభావ పరిశీలన జరుపవలెను. దాని ఫలితమును గ్రామసభలో తెలుగునను, కోయ, లంబాడీ మాటలలోను చదివి వినిపింపవలెను. కౌలుదారుల, కూలీల, వృత్తులవారి పేర్ల పట్టికను ఊరిలో అంటించి, తప్పులు దిద్దుటకు గడువీయవలెను. రెండవది: షెడ్యూలు ప్రాంతములలో 1996 నాటి పెసా చట్టమును, 2013 చట్టపు 41వ విభాగమును అనుసరించి గ్రామసభ సమ్మతిని నిజముగా అడుగవలెను, పోలీసుల నడుమ నెత్తించిన చేతులు సమ్మతి కావు. మూడవది: గిరిజనునికి భూమికి భూమి. నీటిపథకములలోనే కాదు, గనులకును, దారులకును. అదియు వాని షెడ్యూలు ప్రాంతమునందే, ఊరంతయు ఒకచోటనే. నాలుగవది: పరిహారము భార్యాభర్తల ఉమ్మడిపేర పడవలెను, వితంతువుకు వేఱుగా పడవలెను, ఇంత భాగము నెలనెల వచ్చునట్లు కట్టడి చేసికొను వీలు కల్పింపవలెను. అయిదవది: పునరావాసము పూర్తికాక యంత్రము కదలరాదు, నీరు నిలుపరాదు. ఆఱవది: బొగ్గు తీసిన పిదప గుంతలను పూడ్చి, మట్టిగుట్టలను చదునుచేసి, ఆ భూమిని భూమి కోల్పోయిన యూళ్లకు తిరిగి యీయవలెను.

ఇంకొకటి. 1997లో సమత కేసునందు సుప్రీముకోర్టు షెడ్యూలు ప్రాంతముల గనులను గూర్చి తీర్పు చెప్పుచు, గని లాభములో నూటికి 20 వంతులకు తక్కువ కాకుండ ఆ ప్రాంతపు నీటివసతికి, బడులకు, వైద్యమునకు, దారులకు వినియోగింపవలెనన్న న్యాయమును చూపినది. ప్రజల కంపెనీ ప్రజలయెడ ఆ కొలతకు తగ్గరాదు. ఆ సొమ్ము ఖర్చును ఊరివారి యెదుట చదువవలెను. జిల్లాకేంద్రమున మేడలు కట్టుటకు గాదు.

పాఠకమహాశయులారా, ఈ పత్రికను మీరు దీపపు వెలుగున చదువుచున్నారు. ఆ వెలుగునకు కావలసిన బొగ్గులో కొంత కారేపల్లి మీదుగా వచ్చియుండును. దానికొఱకు చేను నిచ్చినవానికి సర్కారు ఏదో యొకటి యిచ్చెను; ఆ చేనిలో కలుపు తీసినదానికి ఏమియు నీయలేదు. ఆమె పట్టణమునకు కూలికి వచ్చి మీ వీధిలోనే ఇటుకలు మోయుచుండవచ్చును. మీ శాసనసభ్యుడు ఈసారి వోటడుగ వచ్చినపుడు, 2017 సవరణను తీసివేయించెదవా, లేదా యని యొక్కమాట యడుగుడు. ఆ ప్రశ్నకు జవాబు వచ్చువఱకు మేమును అడుగుచునే యుందుము.